గూడెం రేలంగి, నెల్లూరు రమణారెడ్డి

మా జంగారెడ్డిగూడెంలో ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే నడిచి వస్తుంటే, వాళ్ళలో ఒకరు బొద్దుగా, ఇంకొకరు ఈనుపుల్లలా ఉంటే, పెద్దవాళ్ళు ఇప్పటికీ రేలంగి, రమణారెడ్డి వస్తున్నారనే అంటారు. హాస్టల్లో నాకూ మా రూమ్మేట్‌కీ కూడా ఆ పేరు పడింది. పేరు పెట్టినవాణ్ణి పట్టుకుని ఆ ఇద్దరిలో లావు ఎవరు, సన్నం ఎవరు అని అడిగితే వాడికి తెలీదు. వాళ్ళ నాన్న అంటుంటే విన్నాడు, అంతే. పేర్లు నానుడిలో నిలబడ్డాయి, మనుషులు మాత్రం మనకి తెలీకుండా పోయారు. అందుకే ఈ నెల పత్రికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు రేలంగి గారి జీవితం రాద్దామనుకున్నాను. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ జీవితంలో నడిమి భాగాన్ని రమణారెడ్డి గారిని పక్కన పెట్టి చెప్పడం కుదరదని.

ముందు ఊరి సంగతి. మన జిల్లాల్లో ఎవరి గూడెం వాళ్ళకి గూడెం. మా వాళ్ళకి జంగారెడ్డిగూడెం, డెల్టా వాళ్ళకి తాడేపల్లిగూడెం. సినిమా వాళ్ళ లెక్కలో మాత్రం గూడెం అంటే తాడేపల్లిగూడెమే, అది రేలంగి గారు స్థిరపడిన ఊరు కాబట్టి. ఆయన పుట్టింది అక్కడ కాదు. 1910 ఆగస్టులో, గోదావరి అవతల, రావులపాలెం దగ్గర రావులపాడులో పుట్టారు. తణుకు దగ్గర రేలంగి అనే ఊరు ఒకటుంది, దాని పేరు చూసి ఆయన ఆ ఊరాయన అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది ఇంటిపేరు. పూర్తి పేరు రేలంగి వెంకట్రామయ్య. మన తరంలో రేలంగి అనగానే కొందరికి దర్శకుడు రేలంగి నరసింహారావు గారు గుర్తొస్తారు. ఆయనది పాలకొల్లు, ఆయన వేరు.

తండ్రి హరికథలు చెప్పేవారు, సంగీతం నేర్పేవారు. తల్లి చిన్నతనంలోనే పోయారు. ఆ తండ్రి వృత్తి దగ్గర కొంచెం ఆగాలి. హరికథ అంటే ఒక్క మనిషి రాత్రంతా నిలబడి రాముడూ తనే, రావణుడూ తనే, మధ్యలో వచ్చే దాసీ తనే అయి జనాన్ని కూర్చోబెట్టడం. కునికిపాట్లు పడేవాళ్ళని లేపడానికి నడుమ ఒక పిట్టకథ వేయాలి. అది ఎక్కడ వేయాలో తెలియాలి. తొందరపడి వేస్తే కథ చెడుతుంది, ఆలస్యమైతే జనం లేచి వెళ్ళిపోతారు. ఇప్పుడు మనం కామెడీ టైమింగ్ అని ఏదైతే అంటున్నామో, అది రేలంగి గారి ఇంట్లో చాప మీద కూర్చుని నేర్చుకునే విద్య. చాలా ఏళ్ళ తర్వాత, 1961లో వచ్చిన వాగ్దానం సినిమాలో ఆయన హరిదాసుగా నిలబడి సీతాకల్యాణం కథ చెప్తారు. రాసింది శ్రీశ్రీ, పాడింది ఘంటసాల. విప్లవకవి హరికథ రాయడం ఒక వింత అయితే, ఆ చిడతలు పట్టుకోవడం, ఆ అడుగు వేయడం, జనం వైపు తిరిగి ఒక్క క్షణం ఆగడం చూస్తే పాట వేరేవాళ్ళ గొంతు అన్న సంగతే గుర్తుకు రాదు. ఆ నడక ఎవరూ నేర్పింది కాదు, వాళ్ళ నాన్నగారిది అయ్యుంటుందని నాకనిపిస్తుంది.

హైస్కూలు చదువు కాకినాడలో, అదీ మధ్యలోనే ఆగింది. కాకినాడలో చదువుకంటే గట్టిగా పట్టుకున్నది నాటకం. అక్కడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సమాజం ఉండేది. ఎస్.వి. రంగారావు గారు, అంజలీదేవి గారు కూడా ఆ క్లబ్బులో ఆడినవాళ్ళే. మొదట్లో రేలంగి గారు వేసినవి ఆడవేషాలు. తర్వాత మనం చూసిన ఆ బొద్దు ముఖంతో ఆడవేషం ఊహించుకోవడం కష్టమే గానీ, ఆ రోజుల్లో స్టేజి మీద ఆడవేషం వేసేవాడికి ఒళ్ళు అదుపులో ఉండాలి. చెయ్యి ఎంత ఎత్తాలి, మెడ ఎంత తిప్పాలి అన్నీ లెక్క. లావు మనిషి అయినా తెరమీద ఆయన ఒక్కసారి కూడా బరువుగా కనిపించకపోవడానికి ఆ సాధన ఒక కారణం అనుకుంటాను.

సినిమాలోకి వచ్చింది 1935లో. కాకినాడ మనిషే అయిన సి. పుల్లయ్య గారి శ్రీకృష్ణ తులాభారంలో చిన్న వేషం. అప్పటికి తెలుగులో టాకీ మొదలై నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇక్కడి నుంచి కథ ఇలా ఊహించుకుంటాం కదా: చిన్న వేషం, తర్వాత పెద్ద వేషం, తర్వాత స్టార్. అలా ఏమీ జరగలేదు. ఆ తర్వాత 13 ఏళ్ళ పాటు ఆయన చేసిన పని ప్రధానంగా తెర వెనకది. పుల్లయ్య గారి దగ్గర ప్రొడక్షన్ పనులు చూడటం, ఏ వేషానికి ఎవరు సరిపోతారో వెతికి తీసుకురావడం, వచ్చినవాళ్ళకి భోజనాలు, బస చూడటం, ఏదైనా చిన్న వేషం మిగిలిపోతే అది తనే వేసెయ్యడం. మన భాషలో చెప్పాలంటే నాలుగేళ్ళ డిగ్రీకి 13 ఏళ్ళు ల్యాబ్ అసిస్టెంటుగా ఉండిపోవడం అన్నమాట.

ఈ 13 ఏళ్ళని రేలంగి గారి గురించి రాసేవాళ్ళు కష్టకాలం అని ఒక వాక్యంలో దాటేస్తుంటారు. నాకు మాత్రం ఆయన జీవితంలో అసలైన చదువు ఇదే అనిపిస్తుంది. వేషాలకి మనుషుల్ని వెతికే పని చేసినవాడికి ఒక సంగతి బాగా తెలుస్తుంది: ఒక సన్నివేశం ఒక్కడి వల్ల నిలబడదు. ఎదురుగా ఎవరు నిలబడతారన్న దాన్ని బట్టే నవ్వు వస్తుందో రాదో తేలుతుంది. పక్కవాడు బాగా చేస్తే తనకి నష్టం అనుకునే నటులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. రేలంగి గారిలో ఆ భయం కనిపించదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, రమణారెడ్డి గారు వచ్చాక దీనితో పని ఉంది.

1948లో వింధ్యరాణి, 1949లో గుణసుందరి కథ, కీలుగుర్రం. ఈ మూడింటితో ఆయన దశ తిరిగింది. అప్పటికి వయసు 39. మన కాలంలో ఆ వయసుకి హీరోలే రిటైర్మెంట్ పుకార్లు ఎదుర్కొంటారు. గుణసుందరి కథలో రేలంగి గారిది రాజుగారి అల్లుళ్ళలో ఒకడైన కాలమతి వేషం. ఆ సినిమాకి హీరో కస్తూరి శివరావు గారు. ఆయన కూడా హాస్యనటుడే, అప్పటికి రేలంగి గారికంటే చాలా పెద్ద పేరు. తర్వాతి ఏడాది శివరావు గారు సొంతంగా పరమానందయ్య శిష్యుల కథ తీశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే అవకాశాలు తగ్గిపోయి, డబ్బు పోయి, చివరికి పేదరికంలోనే పోయారు. ఒకే సినిమాలో ఒకడు శిఖరం మీద, ఇంకొకడు మొదటి మెట్టు మీద. హాస్యనటుడి వైభవం ఎంత తొందరగా కరిగిపోతుందో రేలంగి గారు దగ్గరుండి చూశారు. తర్వాత సంపాదించింది తెచ్చి గూడెంలో సినిమా హాలు కట్టడం వెనక ఈ భయం కొంత ఉండి ఉంటుందని నా అనుమానం.

1951లో పాతాళభైరవి. రాణిగారి తమ్ముడు, రాకుమారిని తనే పెళ్ళి చేసుకోవాలని కలలు కనే పిరికివాడు. ఇక్కడే ఆయనకి తగిన మూస ఒకటి దొరికింది: తనంత అందగాడు, తనంత వీరుడు లేడని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి. 1957లో మాయాబజార్ లక్ష్మణకుమారుడు, 1963లో నర్తనశాల ఉత్తరకుమారుడు ఇద్దరూ ఆ కోవ వాళ్ళే. ఉత్తరుడు అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవుల్ని ఒక్కణ్ణే గెలుస్తానంటాడు, సైన్యం కనబడగానే రథం దిగి పరుగు తీస్తాడు. భారతంలో ఉన్నదే. అయినా ఆ వేషం చూసినప్పుడు మనకి అతని మీద కోపం రాదు. అతను అబద్ధం చెప్పలేదు. అంతఃపురంలో ఉన్నంతసేపూ నిజంగానే నమ్మాడు. రేలంగి గారి ముఖంలోని రహస్యం ఇదే. ఆ ముఖం ఏది చెప్తే అది నమ్మేస్తుంది.

మధ్యలో ఆయన హీరోగా కూడా చేశారు. 1953లో సి. పుల్లయ్య గారి పక్కింటి అమ్మాయి. హీరోయిన్ అంజలీదేవి. పాట రాని ప్రేమికుడికి వెనక నుంచి స్నేహితుడు గొంతు అరువిచ్చే కథ, ఆ స్నేహితుడు గాయకుడు ఏ.ఎం. రాజా. హిందీలో పడోసన్ అని మనందరికీ తెలిసిన కథ ఇదే, బెంగాలీ నుంచి వచ్చింది. హిందీ వాళ్ళు 1968లో తీశారు. మనవాళ్ళు దానికి 15 ఏళ్ళ ముందే రేలంగి గారిని పెట్టి తీశారు. ఈ సంగతి తెలిసిన రోజు నేను మా క్లాసులో హిందీ సినిమాలు తప్ప చూడని ఒకడితో గంటసేపు వాదించాను.

సరే, ఇప్పుడు నెల్లూరు. తిక్కవరపు వెంకట రమణారెడ్డి గారు 1921లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. రేలంగి గారికంటే 11 ఏళ్ళు చిన్న. శానిటరీ ఇన్స్పెక్టరుగా ఉద్యోగం చేశారు. నాటకాల పిచ్చి సరే, దానితోపాటు ఇంద్రజాలం నేర్చుకున్నారు. ఊరికే సరదాకి కాదు, తర్వాత సినిమాల్లో బిజీగా ఉన్న రోజుల్లో కూడా మ్యాజిక్ ప్రదర్శనలు ఇచ్చేవారు. మద్రాసు చేరి సినిమాల్లో పడింది 1950ల మొదట్లో. అంటే రేలంగి గారు 13 ఏళ్ళు నిలబడి తెరిపించుకున్న తలుపులోంచి ఈయన కొంచెం తొందరగా లోపలికి వచ్చారన్నమాట. పెద్దాయన కావాలనుకుంటే ఈ సన్నటి కుర్రాణ్ణి తన సన్నివేశాల దరిదాపులకి రానివ్వకుండా చేయగలరు. అలా జరగలేదు.

1955లో మిస్సమ్మ. విజయా వాళ్ళది, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. అడుక్కునే వేషంతో మొదలై ఎన్టీఆర్ పక్కన చేరిపోయే దేవయ్య రేలంగి. సావిత్రి తల్లిదండ్రులకి అప్పిచ్చి, ఆ అప్పు చూపించి అమ్మాయిని పెళ్ళాడాలని వెంటపడే డేవిడ్ రమణారెడ్డి. ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక వివరం చెప్పాలి. ఇదే సినిమా తమిళంలో మిస్సియమ్మగా తీశారు. అందులో డేవిడ్ వేషం వేసింది ఎం.ఎన్. నంబియార్, తమిళంలో పేరుమోసిన విలన్. అంటే తమిళం వాళ్ళకి విలన్ కావాల్సి వచ్చిన చోట తెలుగువాళ్ళకి రమణారెడ్డి సరిపోయారు. ఈ ఒక్క సంగతి చాలు, ఆయన ఎలాంటి హాస్యనటుడో తెలియడానికి. ఆయన నవ్వించే విలన్. అప్పు వసూలు చేసేవాడు, పెళ్ళి చెడగొట్టేవాడు, పిసినారి మామగారు, ఊరి పెద్దల చెవిలో గుసగుసలాడేవాడు. ఆ మనిషి మనకి ఎక్కడైనా ఎదురైతే నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. రమణారెడ్డి గారి చేతిలో పడితే మాత్రం నవ్వు వచ్చేది.

ఇద్దరి జోడీని లారెల్, హార్డీలతో పోలుస్తుంటారు. ఒకరు లావు, ఒకరు సన్నం, నిజమే. కానీ ఆ పోలిక అక్కడితో సరి. లారెల్, హార్డీలు ఇద్దరూ ఒకే పడవలో మునిగే ఇద్దరు అమాయకులు. మనవాళ్ళు అలా కాదు. ఒకరి ముఖం అన్నిటినీ నమ్ముతుంది, ఇంకొకరి కళ్ళు దేన్నీ నమ్మవు. మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఇలా చెప్తే తేలిగ్గా ఎక్కుతుంది: తీగ ఎంత మంచిదైనా రెండు కొసల మధ్య వోల్టేజీ తేడా లేకపోతే కరెంటు పారదు. వాళ్ళ మధ్య ఆ తేడా శరీరాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఉన్నది నమ్మకంలో. లావు సన్నం అనేది దూరం నుంచి గుర్తుపట్టడానికి అంటించిన లేబుల్ మాత్రమే.

ఇది నేను ఊరికే అనట్లేదు. మన కాలేజీ ఫెస్టుల్లో వేసే స్కిట్లు చూడండి. లావుగా ఉన్నవాణ్ణి తెచ్చి నిలబెడతారు, వాడి మీద నాలుగు జోకులు, తర్వాత సన్నంగా ఉన్నవాడి మీద నాలుగు జోకులు. ఆ రోజుకి జనం నవ్వుతారు. రెండు కొసల మధ్య ఏమీ లేదు కాబట్టి మర్నాడు ఎవరికీ గుర్తుండదు. పాత సినిమాల్లో ఒంటి మీద జోకులే లేవని నేను అనను, ఉన్నాయి, కొన్ని ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా కూడా ఉంటాయి. కానీ ఈ ఇద్దరి సన్నివేశాల్లో నవ్వు పుట్టేది ఎక్కువగా ఎవరు ఎవర్ని నమ్మించారు, ఎవరు ఎక్కడ దొరికిపోయారు అన్న దగ్గర. అందుకే బొమ్మ లేకుండా సౌండు ఒక్కటే విన్నా నవ్వొస్తుంది. మా ఇంట్లో వంట చేస్తూ ఫోన్ వైపు చూడకుండానే అమ్మ నవ్వుతుంటుంది.

1950ల చివర్లో, 60ల మొదట్లో ఈ జోడీ లేని సాంఘిక చిత్రం వస్తే జనానికి ఏదో తక్కువైనట్టు ఉండేదట. అప్పుచేసి పప్పుకూడు, ఇల్లరికం, మాంగల్యబలం మూడూ 1959లోనే వచ్చాయి, మూడింట్లోనూ ఇద్దరూ ఉన్నారు. చాలా కథల్లో మూడో మనిషిగా గిరిజ గారు వచ్చి చేరేవారు. రేలంగి ఆమెని ప్రేమిస్తాడు, అడ్డం పడటానికి రమణారెడ్డి లాంటి పెద్దమనిషి ఒకడు కావాలి. సూర్యకాంతమ్మ గారు కూడా ఉంటే ఇక హీరో హీరోయిన్లు కాసేపు బయట కూర్చోవచ్చు. ఇంకో సంగతి గమనించండి. తర్వాతి రోజుల్లో కామెడీ ట్రాక్ అని విడిగా రాసి కథలో అతికించడం అలవాటైంది. తీసేసినా కథకి నష్టం ఉండదు. వీళ్ళ మంచి సినిమాల్లో అలా కాదు. డేవిడ్ బాకీ లేకపోతే మిస్సమ్మ ఇల్లు వదిలి ఉద్యోగానికి వెళ్ళక్కర్లేదు. లక్ష్మణకుమారుడు పెళ్ళికొడుకు కాకపోతే మాయాబజారే లేదు. కథ యంత్రంలో వీళ్ళు పళ్ళచక్రాలు, పైన పూసిన రంగు కాదు.

మాయాబజార్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. అందులో ఇద్దరూ ఉన్నా జోడీగా లేరు, చెరో పక్షం. రేలంగి కౌరవుల వైపు పెళ్ళికొడుకు. రమణారెడ్డి ఘటోత్కచుడి దగ్గర మాయలు తెలిసిన చిన్నమయ్య. అసలు జీవితంలో ఇంద్రజాలం నేర్చిన మనిషికి తెర మీద మాయలమారి వేషం దొరికింది. చిన్నమయ్య పక్షం వాళ్ళ మాయంతా చివరికి వచ్చి పడేది ఎవరి మీద? పీటల మీద పక్కన కూర్చున్నది శశిరేఖే అని నమ్మి, కాలు తొక్కించుకుని విలవిలలాడే లక్ష్మణకుమారుడి మీద. మళ్ళీ అదే లెక్క. మాయ చేసే పక్షంలో రమణారెడ్డి, నమ్మే పక్షంలో రేలంగి. కె.వి. రెడ్డి గారు ఆలోచించే చేశారో, వేషాలు అలా కుదిరాయో గానీ, కుదిరింది.

ఇక పేకాట పాట. 1962లో వచ్చిన కులగోత్రాలు సినిమాలోది, కొసరాజు గారు రాశారు. జేబులు ఖాళీ అయిన పేకాటరాయుళ్ళ ఏడుపు. మన వైపు సంక్రాంతి మూడు రోజులు కోళ్ళ పందేలతో పాటు పేకముక్కలు ఎలా తిరుగుతాయో, కొల్లేరు లంకల నుంచి మా మెట్ట దాకా ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే కాబోలు, 60 ఏళ్ళు దాటినా కనుమ మర్నాడు ఆ పాట ఏదో ఒక ఫ్యామిలీ గ్రూపులో తప్పకుండా వచ్చి పడుతుంది. పాడినవాళ్ళు మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు గార్లు. వీళ్ళిద్దరూ కూడా ఒక జోడీనే. తెర మీద రెండు ముఖాల వెనక మైకు ముందు రెండు గొంతులు, నలుగురు కలిస్తే ఒక పాట. నీతి చెప్పే పాటే అది, జూదం ఆడొద్దని. కానీ ఓడిపోయినవాడి ఏడుపులో కూడా ఇంకొక్క ఆట వేస్తే తిరిగొస్తుందేమో అన్న ఆశ వినిపిస్తుంది చూడండి, అక్కడ కొసరాజు గారు జూదగాళ్ళని ఎంత దగ్గర నుంచి చూశారో తెలుస్తుంది.

ఒకరు లేకపోతే ఇంకొకరు లేరనుకుంటే మాత్రం పొరపాటు. అదే 1962లో గుండమ్మ కథ వచ్చింది. అందులో గంటయ్యగా రమణారెడ్డి ఉన్నారు, రేలంగి లేరు. సూర్యకాంతమ్మ గారి ఎదుట గంటయ్య ఒక్కడే నిలబడ్డాడు. మరుసటి ఏడాది ఉత్తరకుమారుడి వేషంలో రేలంగి గారికి తోడుగా ఉన్నది బృహన్నల వేషంలో ఎన్టీఆర్. ఎవరి పని వాళ్ళు ఒంటరిగా కూడా అంత బాగా చేయగలరు కాబట్టే కలిసినప్పుడు ఆ రుచి వచ్చింది. ఒకరి మీద ఒకరు ఆనుకుని నిలబడిన జోడీలు కొన్నుంటాయి, ఒకరు తప్పుకుంటే రెండోవారు పడిపోతారు. ఇది ఆ రకం కాదు.

ఈ సందర్భంగా పెద్దాయన గురించి ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. ఇద్దరూ ఉన్న సన్నివేశాల్లో రేలంగి గారు చేసే పని ఒకటి గమనించాను. రమణారెడ్డి ఎత్తు వేస్తున్నంతసేపూ ఆయన కదలరు. కనురెప్ప కూడా ఎక్కువ వేయరు. చెంపలు కాస్త కిందికి జారతాయి, నోరు కొంచెం తెరుచుకుంటుంది, అంతే. కెమెరాలో సగం తనదే అయినా ఆ సగాన్ని ఖాళీగా ఉంచి నవ్వు మొత్తం చిన్నాయనకి వదిలేస్తారు. తర్వాత, జనం నవ్వడం అయిపోతుండగా, చిన్నగా ఒక్క మాట. మొదటి నవ్వుకంటే ఈ రెండో నవ్వు పెద్దది. వదిలిపెట్టడం తెలిసినవాడికి మాత్రమే దొరికే నవ్వు అది. 13 ఏళ్ళు ఇతరులకి వేషాలు వెతికిన మనిషి కదా.

డబ్బు వచ్చింది. మద్రాసులో సంపాదించింది చాలామంది మద్రాసులోనే పెట్టిన రోజుల్లో ఆయన తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ పేరుతో సినిమా హాలు కట్టారు. తన బొమ్మ తన హాల్లో ఆడటం ఎంతమంది నటులకి దక్కుతుంది చెప్పండి. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. తెలుగు హాస్యనటుల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆయనే. ఆ తర్వాత మన పాలకొల్లు అల్లు రామలింగయ్య గారికి 1990లో వచ్చింది, ఒకప్పుడు అత్తిలి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం గారికి 2009లో. గూడెం, పాలకొల్లు, అత్తిలి. ఒక్క జిల్లా మ్యాపులో మూడు పద్మశ్రీలు, మూడూ నవ్వించినందుకే. ఈ లెక్క మన వాళ్ళు పెద్దగా చెప్పుకోరెందుకో.

కానీ పద్మశ్రీ వచ్చేసరికే తెర మీద గాలి మారిపోయింది. పద్మనాభం, ఆ తర్వాత రాజబాబు వచ్చారు. రాజబాబు వేగం వేరు, అరుపు వేరు, రమాప్రభతో ఆయన జోడీ వేరు. నిదానంగా నమ్మి నిదానంగా మోసపోయే మనిషికి ఆ వేగంలో చోటు తగ్గింది. అయితే రాజబాబు గారు ప్రతి పుట్టినరోజుకీ పాతతరం హాస్యనటుల్లో ఒకరిని పిలిచి సన్మానం చేసేవారు. దారి మార్చినవాడే పాత దారికి దండం పెట్టడం అన్నమాట, అది నాకు నచ్చిన సంగతి. రేలంగి గారిని చివరి రోజుల్లో నడుంనొప్పి బాగా బాధపెట్టింది. దాదాపు 300 సినిమాల్లో కిందపడి, పరుగెత్తి, కర్రలు తిని నవ్వించిన ఒళ్ళు.

1974 నవంబర్ 11న రమణారెడ్డి గారు పోయారు. 53 ఏళ్ళకే. సరిగ్గా ఒక ఏడాది, పైన 16 రోజులు. 1975 నవంబర్ 27న తాడేపల్లిగూడెంలో రేలంగి గారు పోయారు.

వీళ్ళని ఇప్పుడు చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మిస్సమ్మతో మొదలుపెట్టండి, సెమిస్టర్ అయ్యాక తీరిగ్గా. రీల్స్‌లో వచ్చే ముప్పై సెకన్ల ముక్కలు చూసి నవ్వు రాలేదని వదిలేయకండి, రేలంగి గారి నవ్వు ముప్పై ఒకటో సెకనులో వస్తుంది. టైం లేదంటే పేకాట పాట ఒక్కటి చూడండి, కాకపోతే రెండుసార్లు. మొదటిసారి పాట కోసం. రెండోసారి పాడుతున్నవాణ్ణి వదిలేసి, ఆ క్షణంలో పాట లేని రెండోవాడు ఏం చేస్తున్నాడో అది చూడండి.